మస్లహత్, ప్రయోజనం ఒకటేనా?

జెరెమీ బెంథామ్ 1789లో ప్రకటించిన గ్రంథం సుఖదుఃఖాలను నీతికీ, శాసనానికీ కొలబద్దగా నిలిపింది. అర్థశాస్త్రంలో 'ప్రయోజనం' అనే భావన బలపడటానికి అదొక మూలం. ఇస్లామీ న్యాయశాస్త్రంలోని 'మస్లహత్'ను తెలుగు చేసేటప్పుడు మనకు మొదట స్ఫురించేదీ ఈ మాటే. మరి రెండూ ఒకటేనా?

లాభం పొందటం, నష్టం తప్పించుకోవటం మనుషుల ఉద్దేశాలనీ, మస్లహత్ అంటే షరీఅత్ ఉద్దేశాల పరిరక్షణ అనీ ఇమామ్ గజాలీ (మరణం 1111) 'అల్ ముస్తస్ఫా'లో స్పష్టం చేశారు. ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతతి, ధనం: పరిరక్షించవలసినవి ఈ అయిదూ.

ఆయన ఇచ్చిన ఉదాహరణ చూడండి. ఓడ మునుగుతోంది. ఒకరిని సముద్రంలోకి తోస్తే తక్కినవారు బతుకుతారు. సంఖ్యే ప్రమాణమైతే తీర్పు సులభం. గజాలీ మాత్రం సమ్మతించలేదు. చీటీలు వేసి ఎంచటానికీ ఆధారం లేదన్నారు. అటువంటి మస్లహత్ అనివార్యమూ, నిస్సందేహమూ, సమాజమంతటికీ సంబంధించినదీ కావాలి. ఓడలోని కొందరి క్షేమం అటువంటిది కాదు.

పన్నుల విషయంలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. సైనికుల వద్ద ధనం ఉండగా కొత్త పన్ను కూడదు. ఖజానా చాలక, శత్రుభయం ఏర్పడితే సంపన్నులపై అవసరమైనంత మేరకు విధించవచ్చు.

బెంథామ్ లెక్కలో రాజుకూ, కూలికీ విలువ ఒక్కటే. ఆ ఘనతను కాదనలేము. అయితే ఆ లెక్కలో న్యాయానికి చోటు చూపటానికి జాన్ స్టూవర్ట్ మిల్ 1861లో ఒక సుదీర్ఘమైన అధ్యాయమే రాయవలసి వచ్చింది. గజాలీ వద్ద హద్దు ముందు, లెక్క తర్వాత.

కనుక మస్లహత్‌ను ఉత్త 'ప్రయోజనం' అని అనువదిస్తే, ఓడలోని ఆ ఒక్కడికున్న రక్షణ మాటలోనే మునిగిపోతుంది.