గురి దుర్భిణి – దాని పూర్వోత్తరములు



నేను తుపాకి పట్టినవాడను గాను. ముప్పది యేండ్లు భూమి కొలతల పని చేసి, ముక్కాలి పీటపై నిలిపిన దుర్భిణిలో కన్నుపెట్టి ఊరూరి పొలిమేరలను చూచినవాడను. ఆ దుర్భిణిలో నిలువుగా నొక గీత, అడ్డముగా నొక గీత యుండును. రెండును కలియుచోట ఏది కనబడునో అదియే గురి. ఇట్టి గీతలు గల చిన్న దుర్భిణినే అమెరికా దేశపు రైతులు తమ తుపాకులపై బిగించుకొని లేళ్ల వేటకు పోవుదురని వినినప్పుడు, నా పనిముట్టునకు ఒక జ్ఞాతి యున్నదని తోచి దాని చరిత్రను విచారించితిని.

ముందుగా ఒక మాట. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత లేడివేట నిషిద్ధము. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకు, చుక్కల జింక తెలంగాణమునకు రాష్ట్ర చిహ్నములైన మృగములు. కావున నేను చెప్పునది పరదేశపు వృత్తాంతమేగాని మన యడవిలో చేయదగిన పని గాదు.

అయినను చూపునకును వేటకును గల సంబంధము మనకు క్రొత్తది గాదు. సరయూతీరమున చీకటిలో కుండ మునుగు చప్పుడు విని ఏనుగని బాణము వేసిన దశరథుని కథ తమ రెరుగుదురు. పొదలో కనబడిన శ్రీకృష్ణుని పాదమును లేడి యనుకొని కొట్టిన జరుడను బోయవాని కథయు నెరుగుదురు. ఇద్దరి చేతులును నేర్పు గలవే, గురి తప్పలేదు. తప్పినది చూపు. గురి దుర్భిణి చరిత్రను చదువునప్పుడెల్ల నాకీ రెండు కథలే జ్ఞప్తికి వచ్చుచుండెను.

దుర్భిణిలో గీత పుట్టుట చిత్రమైన సంగతి. 1640 ప్రాంతమున ఇంగ్లండులో విలియం గాస్కోయిన్ అను యువకుడు నక్షత్రములను పరిశీలించుచుండెను. అతని దుర్భిణిలో సాలెపురుగు దారము నల్లినదట. అది తగిన స్థానమున నుండుటచేత దూరమందలి వస్తువును, ఆ దారమును ఒకేమారు స్ఫుటముగా కనబడెను. ఆ దారమే కొలతకు ఆధారమగునని అతడు గ్రహించెను. పాప మాతడు 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధమున చిన్నవయసుననే మరణించెను. నా ముప్పదియేండ్ల జీవనోపాధికి మూలము ఆ సాలెపురుగే యని నేను నవ్వుకొనుచుందును.

ఆ గీత తుపాకిమీదికి వచ్చుటకు మరి రెండువందల యేండ్లు పట్టినది. 1840ల దశకమున చాప్మన్ అను నాతడు అమెరికా రైఫిలును గూర్చి వ్రాసిన గ్రంథమున గురి దుర్భిణిని వర్ణించెను. యుటికా పట్టణమున మోర్గన్ జేమ్స్ అను తుపాకుల పనివాడు వానిని చేసియిచ్చెడివాడు. అవి తుపాకి గొట్టమంత పొడవుండి లోన మసకగా నుండెడివి. 1855 నుండి మాల్కం అను మరియొకడు రంగులు చెదరని కటకములతో మెరుగైనవి చేసెను. బొంబాయి సైన్యమున పనిచేసిన డేవిడ్సన్ అను స్కాట్లండు దొరయు ఈ విద్యలో ప్రసిద్ధుడే. ఆయన దుర్భిణిని తుపాకి పైన గాక ఎడమప్రక్కన బిగించెడివారు. ఆస్ట్రియాలో 1898లో కాలెస్ అను నాతడు వియన్నా నగరమున స్థాపించిన కర్మాగారమునుండి వేటగాండ్ర దుర్భిణులు వెలువడసాగెను. ఇవన్నియు కలవారి వస్తువులు. సామాన్యుడు గొట్టము కొసనున్న చిన్న మొటిమను, వెనుకనున్న గంటును కలిపి చూచుకొనియే కాల్చుచుండెను.

ఆ సామాన్యునికి దుర్భిణి నందించినవాడు వీవర్. 1929లో అమెరికా వర్తకము కుప్పగూలినది. మరుసటి యేడు, జనులు పైసకు పైస లెక్క చూచుకొను దినములలో, ఆతడు కెంటకీ రాష్ట్రపు న్యూపోర్టు పట్టణమున 330 అను పేర ఉక్కు గొట్టపు సన్నని దుర్భిణిని చేసి, బిగించు సరంజాముతో గూడ 19 డాలర్లకు విక్రయించెను. అది వస్తువును సుమారు మూడింతలు మాత్రమే పెద్దది చేసి చూపును. దాని గీతలను సవరించిన కొలది అవి చూపు నడుమనుండి ప్రక్కకు జరిగిపోయెడివి. లోపమే, అయినను కొనినవారు దానితో సర్దుకొనిరి. 1933లో ఆతడు టెక్సాసు రాష్ట్రపు ఎల్ పాసోకు తరలిపోయి పనిని విస్తరింపజేసెను.

తక్కువ వెలలో ఏది కొనవలె ననునప్పుడు తెలియనివాడు ఎక్కువ ఇంతలు చూపుదానినే కోరును. నా యభిప్రాయమున అది పొరపాటు. ఇంతలు పెరిగినకొలది కనబడు మేర తగ్గును; పొదలలో కదలు లేడి దొరకదు; చేతి వణకు గూడ అన్ని యింతలగును. వెలుతురు మాట మరియు ముఖ్యము. ముందరి కటకపు వెడల్పును ఇంతల సంఖ్యచే భాగించినచో, కంటికి చేరు వెలుగుకడ్డీ వెడల్పు వచ్చును. 32 మిల్లీమీటర్ల కటకము నాలుగింతలకు 8 మిల్లీమీటర్ల వెలుగు నిచ్చును. 20 మిల్లీమీటర్లది పదింతలకు 2 మాత్రమే. సందెవేళ పడుచువాని కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు విచ్చును. మనవంటి వయసువారిది అంత విచ్చదు. లేళ్లు మేతకు వచ్చునది ఆ సందెవేళనే కదా! కంటికిని వెనుక కటకమునకును సుమారు మూడంగుళములు ఎడముండుట మరియొక నియమము. లేనిచో తుపాకి తన్నినప్పుడు కనుబొమ చీలును. ఇక దుర్భిణిని పట్టియుంచు ఉంగరములు వదులైనచో ఎంత మంచి కటకమైనను వ్యర్థమే.

ఇక గురి సరిచేయు విధానము. దీనిని చదువునప్పుడు నా పాత తప్పు నాకు జ్ఞప్తికి వచ్చినది. ఉద్యోగమున చేరిన క్రొత్తలో నా పీటకు కాలు తగిలినది. సరిచూచుకొనక సాయంకాలమువరకు కొలిచితిని. ఆ దినమున పాతించిన హద్దురాళ్లు ఒక పేద రైతు చేనిలోనికి జరిగినవి. ఆయన నన్నొక్క మాట యనలేదు. నేనే మరుసటి వారము పోయి పెరికించి మరల పాతించితిని. గీత చూపినదే సత్యమని నమ్ముటకు ముందు గీతను పరీక్షింపవలెనని నాడు నేర్చుకొంటిని.

వేటగాండ్రును అంతే. మొదట తుపాకి వెనుక మరను ఊడదీసి, దానిని ఇసుక సంచులపై కదలకుండ నిలిపి, 25 గజముల దూరమందలి గుర్తును గొట్టములోనుండియే చూతురు. తుపాకి కదలకుండ దుర్భిణి గీతలను గూడ ఆ గుర్తునకే తెత్తురు. తరువాత మూడు గుండ్లు కాల్తురు. ఒక్క గుండు సాక్ష్యము చెల్లదు. మూడింటి నడిమి స్థానమే లెక్క. సవరించు మర ఒక్కమారు టిక్కుమన్నచో 100 గజముల దూరమున పావంగుళము జరుగును. 25 గజములకు అందులో నాలుగవ వంతే. కావున అక్కడ అంగుళము తప్పినచో పదునారు టిక్కులు త్రిప్పవలెను. పిమ్మట 100 గజములకు పోయి మరల మూడు.

గుండు చూపువలె తిన్నగా పోదు. వడిసెల రాయివలెనే వంగుచు పడును. అందుచే 1906లో వచ్చిన ముప్పది–ఆరు అను ప్రసిద్ధమైన తూటా 200 గజములకు సరిపోవలెనన్నచో, 100 గజములకు సుమారు రెండంగుళములు పైకి తగులునట్లు కూర్తురు. అట్లు కూర్చిన తుపాకి గుండు 300 గజములకు ఏడెనిమిది అంగుళములు క్రిందికి దిగును. ఈ లెక్క తెలియనివాని గుండు లేడి గుండెకు గాక కాలికి తగులును. అది పొదలలోనికి ఈడ్చుకొనిపోయి దినములతరబడి బాధపడును. పందొమ్మిది డాలర్ల దుర్భిణి విలువను నేను ఇందుచేతనే గొప్పగా ఎంచుచున్నాను.

దుర్భిణి వచ్చి లేళ్లజాతి నశింపలేదా యని తమరు అడుగవచ్చును. నశించుటకు సిద్ధమైనది అంతకుముందే. మాంసము, చర్మముల వర్తకముచేత 1900 నాటికి అమెరికాలో తెల్లతోక లేళ్లు సుమారు ఐదు లక్షలకు దిగినవి. ఋతువు నియమములు, అనుమతి పత్రములు, 1937లో తుపాకులు తూటాలమీది పన్నును మృగరక్షణకు కేటాయించిన చట్టము, ఇవన్నియు కలసి వానిని మరల కోట్లకు పెంచినవి.

మిగిలినది పొగమంచు బాధ. ఆరిగన్ రాష్ట్రమున మార్కస్ లూపోల్డ్ అను నాతడు వేటలో ఒక లేడిపై గురిపెట్టగా, కటకములోన ఆవిరి క్రమ్మి ఏమియు కానరాక అది తప్పిపోయినదట. కోపించి తానే అంతకంటె మేలైనది చేయబూనెను. 1947లో ఆయన కర్మాగారమునుండి గాలికి బదులు నత్రజని వాయువును నింపి మూసిన దుర్భిణి వెలువడెను. నేడు తక్కువ వెల వానిలో గూడ ఆ పద్ధతి సాధారణమైనది. అయినను ఇంటినుండి బండిలో వేటస్థలమునకు పోయినపిదప, త్రోవలో కుదుపులకు గీత జరిగినదేమో యని మరల మూడు గుండ్లు కాల్చి చూచుకొనుట జాగరూకులైన వేటగాండ్రకు నేటికిని ఆచారము.