సరిసంఖ్య పీక్: ఎస్టర్ల మాస్ స్పెక్ట్రమ్‌ను చదవడం ఎలా వచ్చింది?

ధన కిరణాలపై 1913లో వెలువరించిన పుస్తకంలో, అయానులను ద్రవ్యరాశిని బట్టి విడదీసే ఈ పద్ధతితో రసాయన సమస్యలెన్నో మిగతావాటికంటే తేలిగ్గా తేలతాయని కేంబ్రిడ్జిలోని జె.జె. థామ్సన్ రాశాడు. కర్బన రసాయనవేత్తలు ఆ మాటను మూడు దశాబ్దాలు పట్టించుకోలేదు. నియాన్‌లో 20, 22 ద్రవ్యరాశుల పరమాణువులు బయటపడటంతో పరికరం ఐసోటోపుల వేటకే అంకితమైంది. ఆ వేటలోనే థామ్సన్ సహాయకుడు ఆస్టన్‌కు 1922లో నోబెల్ వచ్చింది.

1940లలో అమెరికా చమురు కంపెనీలు ఆ పరికరాన్ని, అంటే మాస్ స్పెక్ట్రోమీటర్‌ను, రిఫైనరీలకు తెచ్చుకున్నాయి. ఒక్కో హైడ్రోకార్బన్ స్పెక్ట్రమ్‌ను వేలిముద్రలా దాచుకుని, మిశ్రమంలో ఏది ఎంతుందో లెక్కగట్టేవారు. ఏ పీక్ ఎందుకొచ్చిందన్న ప్రశ్నతో వాళ్లకు పనిలేదు. పైగా ఒక భయం ఉండేది. ఐసోబ్యూటేన్‌లో ఇథైల్ సమూహమే లేదు, అయినా దాని స్పెక్ట్రమ్‌లో ఇథైల్ అయాను ద్రవ్యరాశి 29 దగ్గర పీక్ కనిపిస్తుంది. విరిగేటప్పుడు అణువు తన ఇష్టమొచ్చినట్టు సర్దుకుంటే, ముక్కలను చూసి నిర్మాణం ఎలా చెప్పగలం?

ఆ భయం పోగొట్టినవాటిలో ఎస్టర్లది పెద్ద వాటా. మిథైల్ బ్యుటనోయేట్‌నే తీసుకుందాం. అణుభారం 102. 70 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు తగిలితే చాలా అణువులు ముక్కలవుతాయి, కాబట్టి 102 పీక్ చిన్నదే. కార్బొనిల్ పక్కన మిథాక్సీ, అంటే 31, ఊడిపోతే 71 వస్తుంది. అందులోంచి కార్బన్ మోనాక్సైడ్, 28, పోతే 43. కార్బొనిల్‌కు రెండో పక్క బంధం తెగితే 59. ఇవన్నీ బేసి సంఖ్యలే. నైట్రోజన్ లేని అణువులో ఒక్క బంధం తెగితే బేసి ద్రవ్యరాశి అయానే రావాలి. మరి బలంగా కనిపించే 74 ఎక్కడిది? 102లోంచి 28 పోయిందన్నమాట. ఇక్కడ ఆ 28 ఇథిలీన్. ఒక హైడ్రోజన్ చోటు మారితే తప్ప అది సాధ్యం కాదు.

అప్పటికి డౌ కెమికల్‌లో పరిశోధకుడైన ఫ్రెడ్ మెక్‌లాఫర్టీ 1959లో ఈ రకం పునర్విన్యాసాలను ఒక సూత్రం కిందికి తెచ్చాడు. కార్బొనిల్ నుంచి మూడోదైన గామా కార్బన్ మీది హైడ్రోజన్, ఆరు పరమాణువుల వలయంలాంటి అమరికలో కార్బొనిల్ ఆక్సిజన్‌ను చేరుతుంది; ఆల్ఫా, బీటా కార్బన్ల మధ్య బంధం తెగుతుంది. అదే ఏడాది అమెరికా బ్యూరో ఆఫ్ మైన్స్ పరిశోధకులు కూడా ఎస్టర్లలో పునర్విన్యాస అయానుల మీద పత్రం ప్రచురించారు. సర్దుబాటుకు నియమం ఉందని తేలాక, అడ్డంకి అనుకున్నదే ఆధారమైంది. ఆల్ఫా కార్బన్ మీద మిథైల్ చేరితే 74 కాస్తా 88 అవుతుంది. మిథైల్ ఎస్టర్ బదులు ఇథైల్ ఎస్టరైనా 88కే జరుగుతుంది. ఈ రెంటినీ విడదీయడానికి మిగతా పీకులు చూడాలి.

స్వీడన్‌లో రీహాగె, స్టెన్‌హాగెన్ బృందం ఈ చదువును కొవ్వు ఆమ్లాల దాకా తీసుకెళ్లింది. ఆమ్లాలు సులభంగా ఆవిరి కావు గనుక వాటిని మిథైల్ ఎస్టర్లుగా మార్చేవారు. అణుభారం 298 ఉన్న మిథైల్ స్టియరేట్‌లో అన్నిటికంటే ఎత్తయిన పీక్ 74. దాని వెంటే 87. డ్యుటీరియం పెట్టిన ఎస్టర్లతో ఏ హైడ్రోజన్ ఎటు కదిలిందో పరీక్షించారు. గ్యాస్ క్రొమటోగ్రఫీ తోడయ్యాక మిశ్రమంలోని ఎస్టర్లను విడదీసి, వెంటవెంటనే చదవడం వీలైంది. బీమన్ (1962), జెరాసీ బృందం (1964), మెక్‌లాఫర్టీ (1966) పుస్తకాలు ఈ పఠనాన్ని తరగతి గదికి చేర్చాయి. 1965లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన డెండ్రాల్ ప్రాజెక్టు ఆ నియమాలనే కంప్యూటర్‌కు నేర్పబోయింది.

ఒక లోటు మాత్రం మిగిలింది. గొలుసులో జంట బంధం ఉంటే అయానులో అది చోటు మార్చుకుంటుంది, కాబట్టి అది తొమ్మిదో కార్బన్ దగ్గరున్నా పదకొండో దాని దగ్గరున్నా స్పెక్ట్రమ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి. 1970లలో దానికీ ఉపాయం దొరికింది: మిథైల్ ఎస్టర్‌కు బదులు పిరోలిడైడ్ అనే నైట్రోజన్ ఉన్న రూపం చేయడం. ఆవేశం నైట్రోజన్‌ను అంటిపెట్టుకుని ఉండటంతో గొలుసు వరసగా తెగుతుంది, ఆ వరసలో తేడా వచ్చినచోట జంట బంధం దొరుకుతుంది. ఆవేశం ఎక్కడ నిలిస్తే బంధం ఎక్కడ తెగుతుందో ముందే ఊహించి అణువును మార్చుకోవడం, వేలిముద్రలు పోల్చుకునే కాలంలో ఎవరికీ తట్టని పని.