బందరు కోఠీ: గోడలు ఎవరి సొమ్ము?

బందరులో మూడు పేటల పేర్లు వినగానే ఎవరికైనా చరిత్ర గుర్తుకు వస్తుంది: ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట. వలందులంటే హాలండువారు, పరాసులంటే ఫ్రెంచివారు. మూడు జాతులవారు ఈ రేవులో కోఠీలు పెట్టి వర్తకం చేశారనడానికి ఆ పేర్లే సాక్ష్యం.

కొంతకాలం క్రిందట నా విద్యార్థులను వెంటబెట్టుకొని బందరు కోట శిథిలాలు చూడబోయాను. గోడల మందం చూచి ఒక కుర్రవాడు అడిగాడు: "మాష్టారూ, వీటికి డబ్బు ఓడల్లో తెచ్చారా, ఇక్కడే సంపాదించారా?" అప్పటికేదో చెప్పి తప్పించుకున్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

కోట కంటె ముందు కోఠీ ఉన్నది. కోఠీ అంటే మేడ మాత్రమే కాదు. అది సరుకు నిలవచేసే గిడ్డంగి, లెక్కలు వ్రాసే కచేరీ, గుమాస్తాలుండే ఇల్లు కూడాను. గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలో 1605లో డచ్చివారు ఇక్కడ కోఠీ పెట్టారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషువారు దిగారు. ఫ్రెంచివారు 1669లో వచ్చారు. వాళ్ళకు కావలసింది మన బట్ట. తూర్పు దీవులలో మిరియాలూ, జాజికాయా, లవంగాలూ కొనాలంటే అక్కడివారు తెలుగుదేశపు అద్దకపు బట్టలు అడిగేవారు. చిరివేరుతో వేసిన ఎర్రరంగు ఉతికినకొద్దీ నిగ్గుతేలేది. ఈ బట్ట కొనడానికి కుంఫిణీలు వెండీ బంగారమూ తేవలసి వచ్చింది.

కనుక తెల్లవాడు దిగిన రోజునుంచే దోపిడి సాగిందని చెప్పే చరిత్ర సరికాదు. మొదట అతడు అర్జీదారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన ఫర్మానా ప్రకారం ఏటా 500 వరహాలు సుంకం కింద కట్టుకొని గోల్కొండ రేవులలో వ్యాపారం చేసుకోవడానికి ఇంగ్లీషువారికి అనుమతి దొరికింది. అనుమతి ఇచ్చేవాడు ఇంకా ఇక్కడి రాజే.

అట్లా అని అది నేతగానికి స్వర్ణయుగమనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. ఇజారాదారు పన్ను పిండేవాడు. 1630-32 నాటి క్షామంలో ఈ తీరాన నేతగాండ్రు ఎందరో ఆకలికి రాలిపోయారు. నూలు కొనుక్కోను చేతిలో పైకం లేదు గనుక నేతగాడు బయానా మీద ఆధారపడ్డాడు. కుంఫిణీ సొమ్ము స్థానిక వర్తకుల ద్వారా, దళారుల ద్వారా మగ్గం దగ్గరకు చేరేది. దారిలో ప్రతి చేయీ తన భాగం తాను మినహాయించుకునేది. ఆ మధ్య చేతులు తెలుగు చేతులే. జాతి పేరు చెప్పి ఆ సంగతి దాచడం మనకు తగదు.

అయినా అప్పుడు నేతగానికి ఒక వెసులుబాటు ఉన్నది. ఇంగ్లీషువాడు ధర తగ్గిస్తే డచ్చివాడున్నాడు, పారసీక దేశానికి సరుకు పంపే వర్తకుడున్నాడు. ఒకరి బయానా తిరిగి ఇచ్చి మరొకరికి నేయవచ్చు. కొనేవాళ్ళు పలువురు ఉండడమే అతనికి రక్ష.

ఆ రక్ష పోయినది బజారులో కాదు, యుద్ధంలో. 1759 ఏప్రిల్ 8న కర్నల్ ఫోర్డు సైన్యం ఫ్రెంచివారి నుంచి బందరు కోటను పట్టుకున్నది. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766లో నిజాముతో ఒప్పందం: ఉత్తర సర్కారులు కుంఫిణీ పరమైనాయి. ఇక కొనేవాడూ, పన్ను వసూలు చేసేవాడూ ఒక్కడే. బయానా తీసుకున్న నేతగాడు ఆ సరుకు పూర్తిచేసేదాకా మరెవరికీ నేయరాదని నిబంధనలు వచ్చాయి. బయానా పాతదే, దానికి ఇప్పుడు బంట్రోతు కర్ర తోడయింది. రైతు కట్టిన శిస్తుతోనే నేతగాని బట్ట కొనవచ్చు గనుక వెండి ఓడల అవసరమూ తగ్గిపోయింది.

ఆ కుర్రవాని ప్రశ్నకు జవాబు ఇక్కడున్నది. తొలినాళ్ళలో కోఠీకి డబ్బు ఓడలలో వచ్చింది. తరువాత మన పొలాలనుంచి వచ్చింది. ఈ రెండు దశలనూ కలిపివేస్తే వర్తకానికీ సామ్రాజ్యానికీ తేడా మనకు అంతుపట్టదు.

తరువాతి కథ తెలిసినదే. పందొమ్మిదవ శతాబ్దంలో లాంకషైరు మరబట్ట వచ్చిపడింది. 1833 చార్టరు చట్టంతో కుంఫిణీ వర్తకమే ముగిసింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరిమీద పడి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది. బందరు ఉప్పెనతో చచ్చిందంటారు. కాని సముద్రం ముంచేనాటికే దాని మగ్గం సగం మునిగి ఉన్నది.

2023లో బందరు వద్ద కొత్త రేవు పనులు మొదలైనాయి. ఊరికి పూర్వవైభవం వస్తుందని ఆశపడేవారిని నేను ఎగతాళి చేయను. పని దొరకడం మంచిదే. అయితే పూర్వవైభవం అన్నప్పుడల్లా ఒక సంగతి అడగడం విద్యార్థులు నేర్చుకోవాలి: సరుకు ఎవరిది, ధర చెప్పేవాడెవడు, నచ్చకపోతే మరొకరికి అమ్ముకునే దారి ఉన్నదా? పెడనలో ఈనాటికీ అద్దకపు బల్లల ముందు నిలబడి పనిచేసేవారున్నారు. మళ్ళీసారి పిల్లలను కోటకు తీసుకుపోయే ముందు పెడనకు తీసుకుపోతాను. గోడలు ఆ తరువాత చూడవచ్చు.