కట్టె కొట్టడం ఎప్పుడు నేరమైంది?



ఒకవైపు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు. మరోవైపు మహేంద్రగిరి కొండలు. మధ్యలో మందస. కొండ మీద మన సవరలకూ, కింద పల్లెల్లోని రైతులకూ ఆ అడవే ఆధారం. వంటకు కట్టె, నాగలికి కర్ర, ఇంటికి వాసం అన్నీ అక్కడివే. తాతల నాడు అది రోజువారీ పని. అదే పని నేరమెలా అయిందో మనం తెలుసుకోవాలి.

చట్టంలో ఒక మూలసూత్రం ఉంది. మనిషి పుట్టుకనో, మనసులోని ఆలోచననో బట్టి శిక్షించకూడదు. అతడు చేసిన పని ఉండాలి, ఆ పనిని చట్టం ముందే నిషేధించి ఉండాలి. చాలా నేరాలకు చెడు ఉద్దేశం కూడా రుజువు కావాలి. ఇంత మంచి సూత్రం ఉన్న దేశంలోనే 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో మద్రాసు రాష్ట్రానికీ అది వర్తించింది. మన ఎరుకల సోదరుల్లో ఎంతోమందిని ఏ పనీ చేయకుండానే, పుట్టుకను బట్టే నేరస్థుల జాబితాలో రాశారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో గానీ అది రద్దు కాలేదు.

మందసలో జరిగింది ఇంకో రకం. అక్కడ పని ఉంది, దానికి నేరమన్న పేరు పెట్టారు. అప్పటి భారతీయ శిక్షాస్మృతి ప్రకారం నిలబడి ఉన్న చెట్టును దొంగిలించడం కుదిరేది కాదు, ఎందుకంటే అది నేలకు అంటుకుని ఉంది. నరికి నేల నుంచి వేరు చేశాకే దొంగతనం మాట వస్తుంది. అది కూడా దురుద్దేశం ఉంటేనే. తనకు హక్కుందని నిజాయితీగా నమ్మి తీసుకుంటే ఆ ఉద్దేశం లేనట్టే. అడవి తమదేనని జమీందారు అన్నాడు, తరతరాల హక్కని రైతులు అన్నారు. తేల్చాల్సింది న్యాయస్థానం.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ రోజుల్లోనే మందస రైతులు అడవిలో కట్టె కొట్టారు. వారిని అరెస్టు చేయడానికి పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చారు. ఊరివాళ్లు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 1న కాల్పులు జరిగాయి. గర్భిణి అయిన సాసుమాన గున్నమ్మ, మరికొందరు రైతులు ప్రాణాలు విడిచారు.

లెక్క చూడండి. దొంగతనం రుజువైనా అప్పటి శిక్ష మూడేళ్ల దాకా జైలు. అధికారి విధికి అడ్డుపడితే మూడు నెలల దాకా. ఏ సెక్షన్‌లోనూ మరణం లేదు. వారిది నేరమో కాదో ఎవరూ విచారించకముందే అన్నింటికన్నా పెద్ద శిక్ష పడిపోయింది. గున్నమ్మ పల్లె రైతుబిడ్డ, మన కొండబిడ్డ కాదు. అయినా ఆమె నిలబడింది మనమూ బతికే అడవి కోసమే.

1948 చట్టంతో జమీందారీలు పోయాయి. 2006 అటవీ హక్కుల చట్టం అదే అడవిలో తేనె, చింతపండు, అడ్డాకు, వెదురు వంటివి సేకరించి అమ్ముకోవడం మన హక్కని చెప్పింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికి నాలుగు హెక్టార్ల దాకా పట్టా ఇవ్వమంది. కలప మాత్రం ఇందులోకి రాదు. అది మరిచి ఎవరూ చిక్కుల్లో పడొద్దు.

ఎవరైనా మనల్ని పట్టుకుంటే భయంతో కాగితం మీద వేలిముద్ర వేయకండి. 'నేను చేసిన పని ఏమిటి? ఏ చట్టం, ఏ సెక్షన్?' అని మర్యాదగా అడగండి. అరెస్టుకు కారణం చెప్పాలని రాజ్యాంగం 22వ అధికరణం అంటోంది. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలమైన మనకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. టెక్కలిలో గానీ పలాసలో గానీ కోర్టుకు వెళ్లి న్యాయ సేవా కమిటీని అడగండి.

ఏటా ఏప్రిల్ 1న గున్నమ్మను తలుచుకునేటప్పుడు ఈ ప్రశ్నను కూడా ఇంట్లో పిల్లలకు నేర్పుదాం.