అద్దె యింటికి యింటిపేరు: వాల్తేరులో మనకు భద్రమైన పేట ఏది?

పల్లెలో కులం వుంటుంది, పట్నంలో వుండదు అనే మాట మనం చాలాకాలంగా వింటున్నాం. మన పెద్దలు కూడా దాన్ని కొంత నమ్మే మనల్ని పట్నం పంపారు. 1985 జూలైలో కారంచేడు మాదిగలు ప్రాణాలు అరచేత పట్టుకొని చేరింది చీరాల పట్నానికే. వాళ్ళ కోసం విజయనగర్ కాలనీ ఏర్పడింది కూడా అక్కడే. కాబట్టి వూరికంటే పట్నం నయమనేది మనకు అనుభవం నేర్పిన మాట. అయితే పట్నంలో ఎక్కడ? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సీటు వచ్చి, హాస్టల్లో గది రాని ప్రతి దళిత విద్యార్థినీ ఈ ప్రశ్న మొదటిరోజే నిలదీస్తుంది. దీనికి జవాబు విశాఖపట్నం చరిత్రలో వెతకాలని మేము భావిస్తున్నాం.

1926లో బెజవాడలో మొదలైన విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు వచ్చింది. వాల్తేరు మెరక అప్పటికే దొరల బంగళాల చోటు. బజార్లు, యిరుకు వీధులు వున్న పాతనగరం వేరు, గాలి మంచిదని తెల్లవాళ్ళు ఎంచుకున్న యీ మెరక వేరు. చుట్టుపక్కల పెదవాల్తేరు, చినవాల్తేరు, రేసపువానిపాలెం, మద్దిలపాలెం, మువ్వలవానిపాలెం అనే పల్లెలు, సముద్రం వొడ్డున జాలారిపేట. తర్వాత మువ్వలవానిపాలెం ఎం.వి.పి. కాలనీ అయింది. పల్లెపేరు మూడు ఇంగ్లీషు అక్షరాలుగా కుదించుకుపోయింది, సెక్టార్లు వచ్చాయి. కానీ ప్లాటు కొనగలిగినవాడెవడు? వూళ్ళో పొలం వున్నవాడు, ముందుతరంలోనే చదువూ ఉద్యోగమూ అందినవాడు. అతని మేడమీది గదే విద్యార్థికి అద్దెకొచ్చే గది. వూళ్ళో పొలం దగ్గర వున్న సంబంధమే యిక్కడ గేటు దగ్గర నిలబడింది.

'గది అద్దెకివ్వబడును' అన్న బోర్డు చూసి తలుపు తడతాం. "ఏ వూరు బాబూ? యింటిపేరేటి? నాన్నగారేం చేస్తారు? నీసు వండుతారా?" నాలుగు ప్రశ్నల్లో కులం అనే మాట ఒక్కసారీ రాదు. నాలుగూ కులం గురించే. జవాబు విన్నాక "మా చుట్టాలబ్బాయి వస్తానన్నాడు, మర్చేపోయాను" అంటారు. ఆడపిల్లలైతే వేళకు వస్తారా, ఎవరెవరు వస్తారు అనే ఆరా అదనం. మాలో చాలామందిమి యివన్నీ విన్నవాళ్ళమే. కొందరు విసిగిపోయి వేరే యింటిపేరు చెబుతారు. 1917లో కొలంబియాలో చదివి వచ్చిన అంబేడ్కర్‌కు బరోడాలో వుండడానికి చోటు దొరకలేదు. పార్శీ పేరుతో పార్శీల సత్రంలో దిగాడు. సంగతి తెలిసి వాళ్ళు కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. పేరు దాచుకుని వుండే యిల్లు ఎప్పుడు చేజారేదీ తెలియదు. దాన్ని భద్రమైన యిల్లు అనలేం.

మరి యీ ప్రశ్నలు లేని చోట్లు లేవా? వున్నాయి. పాతనగరంలో రెల్లివీధి, స్టేషను పక్క జ్ఞానాపురం వంటి చోట్ల మనవాళ్ళు మనల్ని కాదనరు. కానీ 1933లో పోర్టు తెరిచినప్పటినుంచీ నగరం మురికిపనీ, దాని ధూళీ కూలిజనం వున్నవైపే చేరాయి. బొగ్గుపొడి యింట్లో గిన్నెలమీద కూడా పడుతుంది. 1997 సెప్టెంబరు 14న హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీ పేలుడులో యాభైమందికి పైగా చనిపోయారు. 2020 మే 7న ఎల్.జి. పాలిమర్స్ విషవాయువు వెంకటాపురంలో నిద్రపోతున్నవాళ్ళ మీదికి వచ్చింది. పన్నెండుమంది పోయారు. కాబట్టి చవకగా దొరికే చోట కులం అడగరు గానీ, ఆరోగ్యానికి హామీ లేదు.

ఈ రెండూ కాని మూడో రకం యిల్లు యీ నగరంలోనే పుట్టింది. రైల్వే, పోర్టు, షిప్‌యార్డు క్వార్టర్లు, ఉక్కునగరం. అక్కడ తాళంచెవి వచ్చేది గ్రేడును బట్టి, సీనియారిటీ జాబితాను బట్టి. పక్కింటివాళ్ళ గుసగుసలు అక్కడా వుంటాయి, కాదనం. అయితే యింటిపేరు నచ్చలేదని తాళంచెవి ఆపే అధికారం ఎవరికీ లేదు. రిజర్వేషన్ ఉద్యోగం యిచ్చింది, ఉద్యోగం యిల్లు యిచ్చింది. 1966 ఉద్యమంతో సాధించుకున్న ఉక్కు ఫ్యాక్టరీని నూరుశాతం అమ్మడానికి 2021 జనవరిలో కేంద్రం ఆమోదం తెలిపినప్పుడు, మనం యీ లెక్క కూడా వెయ్యాల్సింది. హాస్టలు గది కూడా యిటువంటిదే. అది జాబితా ప్రకారం వచ్చే హక్కు, దయాధర్మం కాదు.

చట్టమూ వుంది, వాడేవాళ్ళే తక్కువ. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షను ప్రకారం, ఏ ప్రాంతంలోనైనా సరే, నివాసగృహం కట్టుకోకుండా, పొందకుండా, అందులో వుండకుండా అస్పృశ్యత కారణంగా అడ్డుకోవడం నేరం. నెల నుంచి ఆరునెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. బాధితుడు షెడ్యూల్డు కులస్తుడైతే అది అస్పృశ్యత వల్లే జరిగిందని కోర్టు భావించాలనీ, కాదని రుజువు చెయ్యాల్సింది అవతలివాడేననీ 12వ సెక్షను అంటుంది. చుట్టాలబ్బాయి సాకు యిక్కడ పరీక్షకు నిలవాలి.

ఆ పరీక్ష ఎలా చెయ్యాలో కూడా తెలిసిందే. సుఖదేవ్ థోరట్, ఆయన తోటి పరిశోధకులు ఢిల్లీ పరిసరాల్లో ఒకే రకం వివరాలతో, వేర్వేరు కులమతాల పేర్లతో యిళ్ళు అడిగించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. అగ్రవర్ణ హిందువుల కంటే దళితులకు తక్కువగా, ముస్లింలకు మరీ తక్కువగా యిళ్ళు దొరికాయి. ఆ పని మన విద్యార్థి సంఘాలు వాల్తేరులో చెయ్యలేవా? గది కాదన్న చోటికి మర్నాడు యింకో యింటిపేరున్న స్నేహితుణ్ణి పంపాలి. తేదీ, బోర్డు, అన్న మాటలు రాసిపెట్టాలి. యిద్దరు సాక్షులు వుండాలి.

ఏ పేట మంచిదని కొత్తగా వచ్చే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మమ్మల్ని అడుగుతున్నారు. ముందు హాస్టలు సీటు కోసం కొట్లాడండి, అది రాకపోతే గది వెతకడానికి ఒంటరిగా వెళ్ళకండి అని చెబుతున్నాం. మీకు కాదన్న ప్రతి గేటు గురించీ రాసి మన సంఘానికి యివ్వండి. ఆ కాగితాలు లేకుండా 4వ సెక్షను కోర్టుదాకా నడవదు.