బొగ్గు మారినప్పుడల్లా బడి మారింది

ప్రభుత్వాలు చదువును మార్చిన ప్రతిసారీ పిల్లల మేలు కోసమే అంటాయి. అది అబద్ధం కాదు గానీ సగమే నిజం. ప్రపంచానికి ఏ పని కావాలో, ఆ పనికి ఎలాంటి మనుషులు కావాలో దాన్ని బట్టి కూడా చదువు మారుతుంది. ఇది తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కర లేదు. ఇల్లందు నుంచి గోదావరిఖని దాకా మన బొగ్గు గనుల చరిత్ర చూస్తే చాలు.

ఇల్లందు దగ్గర 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. అది రైళ్ల కాలం. రైలుకు బొగ్గు కావాలి, గనికి ఇంజనీరు కావాలి. లండన్‌లో గనుల విద్యాలయం 1851లోనే వచ్చింది. మన దేశంలో ధన్‌బాద్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్ 1926లో తెరిచారు. గనిని నడిపించేవాడికి ఇలా చదువు ఏర్పడింది. లోపల తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపేవాడికి మాత్రం ఒంట్లో బలం ఉంటే చాలనుకున్నారు. కోయల నేల కింద దొరికిన బొగ్గు దేశమంతా తిరిగింది. దాని వెంట పుట్టిన చదువు కోయగూడెం దాకా రాలేదు.

అదే కాలంలో, గోదావరికి ఉత్తరాన ఉన్న ఆదిలాబాద్ అడవిలో ఇంకో రకం బడి పుట్టింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆ తర్వాత 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. పిల్లలు ఇంటి భాషలోనే అక్షరాలు దిద్దారు. పాఠం చెప్పే పంతులు కూడా గోండే. ఆ బడిని ఏ మార్కెట్టూ అడగలేదు. జల్ జంగల్ జమీన్ కోసం పోయిన ప్రాణాలు దాన్ని తెచ్చాయి. కానీ 1948లో సంస్థానం పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాజ్యం భాష మారగానే బడి భాషా మారింది. గోండి వాచకాలు మూలన పడ్డాయి.

తర్వాతి మలుపు రామగుండం ప్రాంతానిది. ఇక్కడ గనులు 1960లలో పెరిగాయి. 1973లో ప్రపంచమంతా చమురు ధర మండిపోయింది. చమురు కొనలేని దేశానికి సొంత బొగ్గే దిక్కయింది. 1975లో ఎన్టీపీసీ ఏర్పడింది, 1978లో రామగుండంలో థర్మల్ కేంద్రానికి పునాది పడింది, 1983లో మొదటి యూనిట్ కరెంటు ఇచ్చింది. ఆ దశాబ్దంలోనే కొత్తగూడెంలో మైనింగ్ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ చదువులకు గిరాకీ పెరిగింది.

1991 తర్వాత లెక్క మళ్లీ మారింది. ఓపెన్‌కాస్టులు, పెద్ద యంత్రాలు వచ్చాయి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు సుమారు 40 వేల మంది. బొగ్గు మాత్రం అప్పటికన్నా మూడు రెట్లకు పైగా వస్తోంది. చదువు లేకున్నా దొరికే ఫిల్లర్ పని పోయింది. కొత్త పనులకు ఎక్కువగా ఐటీఐ, డిప్లొమా అడుగుతున్నారు. సగంలో బడి మానిన గిరిజన యువకుడు గేటు బయటే మిగిలాడు.

ఇప్పుడు ఇంకో మలుపులో ఉన్నాం. 2021లో గ్లాస్గోలో దేశాలన్నీ కూర్చుని బొగ్గు వాడకం క్రమంగా తగ్గించాలని ఒప్పుకున్నాయి. ఆ మరుసటి ఏడాదే రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు నీటి మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలాయి. చదువూ కదిలింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే వృత్తి విద్య అన్నది. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా సంస్థతో కలిసి ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది. కొత్తగూడెం మైనింగ్ కళాశాల 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమైంది.

అయితే ఈ కొత్త చదువుకు మన పిల్లలు ఏ మెట్టెక్కి చేరాలి? జాతీయ విధానం వీలైనచోట అయిదో తరగతి వరకు ఇంటి భాషలో చెప్పాలంటుంది. మన రాష్ట్రం 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం తెచ్చింది. ఇంగ్లీషు మనకూ కావాలి, అది వద్దనేవారు తమ పిల్లల్ని ఎక్కడ చదివిస్తున్నారో చూడాలి. కానీ కోయ, గోండి, కొలామి, లంబాడీ మాటల నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషులోకి దూకమంటే మధ్యలో చెయ్యి పట్టుకునే పంతులు కావాలి. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో వచ్చిన 3వ నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. మార్లవాయిలో మొదలైన దారి అక్కడ మరోసారి తెగింది.

జర్మనీలోని రూర్ కూడా మనలాంటి బొగ్గు సీమే. 1950ల చివర అక్కడ బొగ్గుకు గిరాకీ పడిపోయింది. గనులన్నీ మూతపడే దాకా వాళ్లు ఆగలేదు. బోహుమ్ పట్టణంలో 1965లోనే విశ్వవిద్యాలయం తెరిచారు. ఆ పట్టణంలో చివరి గని మూతపడింది 1973లో. బడి ముందు వచ్చింది, మూత తర్వాత పడింది. బ్రిటన్‌లో 1984–85 సమ్మె ఓడిపోయాక గనులు వరసగా మూసేశారు. గని తప్ప వేరే పని నేర్చుకోని ఊళ్లు ఏళ్ల తరబడి నిరుద్యోగంతో కుంగిపోయాయి.

మన సీమ ఈ రెండింటిలో ఏ దారి పడుతుందో ఇంకా తేలలేదు. అందుకే యువత, ఉపాధ్యాయులు ఇప్పుడే అడగాలి. కొత్త సాంకేతిక కేంద్రాల్లో, కొత్త విశ్వవిద్యాలయంలో గిరిజన పిల్లలు ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు? మొదటి తరగతుల్లో మన భాష తెలిసిన టీచరు ఉన్నారా? గని మూసే ప్రణాళికలో ఆ ఊరి చదువుకు చోటుందా? పదో తరగతి పిల్లలకు ఈ చరిత్ర ఒక్క పీరియడులో చెప్పినా చాలు, ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. బొగ్గు ఎప్పుడు తవ్వాలో మనల్ని ఎవరూ అడగలేదు. ఆ బొగ్గు పోయాక ఏం చదవాలో చెప్పేటప్పుడైనా మన మాట వినాలి.