తాటియాకు: ఆటయుఁ జదువును

వేసవి వచ్చినదనఁగా మన పల్లెలలో ముంజెకాయల బండ్లు బయలుదేరును. ముంజెలు తినఁగా మిగిలిన కాయలను రెండింటిని పుల్లకు గ్రుచ్చి, పంగలకఱ్ఱతోఁ దోయుచుఁ బిల్లలు వీథులన్నియుఁ దిరుగుదురు. తాటియాకుతో వధూవరులను జేసి బొమ్మల పెండ్లి చేయుదురు. రెండాకు ముక్కలను అడ్డముగాఁ బేర్చి, తుమ్మముల్లుతో జొన్నదంటునకు గ్రుచ్చి, గాలి కెదురుగాఁ బరుగెత్తుదురు. కొబ్బరియాకును జుట్టి బూర యూఁదుదురు. ఇది పనిలేని యాట యని కొందఱు పెద్దలు విసుగుకొందురు. నే నట్లు తలంపను. ఈ యాట మన చదువునకుఁ బ్రక్కనే నడచినది.

వాత్స్యాయనుఁడు చెప్పిన 64 కళలలో విశేషకచ్ఛేద్య మొకటి. నొసటి తిలకములకై ఆకులను నానావిధములఁ గత్తిరించుటయే యిది యని జయమంగళా వ్యాఖ్య. పూర్వులకు ఆకుకోఁత కళ. మనకేల చిన్నతన మయ్యెనో!

మద్రాసు గవర్నరు మన్రో 1822లో బడుల లెక్క తీయించెను. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లోఁ బంపిన నివేదికలో ఆ జిల్లాయందు 533 బడులు కలవని వ్రాసెను. ఆతఁడు 1816లోఁ దెలుఁగు వ్యాకరణము ప్రకటించినవాఁడు. మన భాష తెలియనివాఁడు కాఁడు. బాలుఁడు మొదట నిసుకలో వ్రేలితో దిద్దుననియుఁ, దాటియాకుపై గంటముతో వ్రాయుననియు నందుఁ గలదు.

చెట్టునుండి దిగిన యాకు వ్రాఁతకుఁ బనికిరాదు. ఈనె తీసి, యుడికించి, యారఁబెట్టి, నునుపుచేసి, యంచులు సమముగాఁ గోసి, రంధ్రము చేసి త్రాడు గ్రుచ్చవలెను. గంటము గట్టిగా నొత్తిన నాకు చీలును. మెల్లగా నొత్తిన గీఁత నిలువదు. మసి పూసినఁగాని యక్షరము చక్కగాఁ గనఁబడదు. ఈ యాకు స్వభావమును బాలుఁ డాటలోనే నేర్చెనని నా యభిప్రాయము. ఈనె వెంబడి లాగినఁ దిన్నగాఁ జీలు ననియు, నడ్డముగా లాగినఁ జిరుగు ననియుఁ, బచ్చియాకు బొమ్మ మఱునాఁటికి ముడుచుకొను ననియు గంటము పట్టకమునుపే యాతని వ్రేళ్లకుఁ దెలిసియుండును.

బ్రౌను దొర తాళపత్రములను సేకరించి కాగితములపై నెత్తివ్రాయించెను. 1829లో వేమన పద్యముల నచ్చు వేయించెను. క్రమముగాఁ బలకయుఁ గాగితమును దాటియాకును బడినుండి వెడలఁగొట్టినవి. అందులకు నేను వగవను. అచ్చు లేనిచో నెన్ని గ్రంథములు చెదలపా లగునో! కాని యాకుతోపాటు చేతిపనియు గడప దాటెను. 1937లో వార్ధా విద్యాసదస్సు చేతిపనిని మరల బడిలోనికిఁ దేఁదలఁచినది. అప్పుడును నూలుపనికి వేసిన పీట తాటియాకునకు వేయలేదు. నేను పంతులుగా నున్నపుడు శనివారపు సాయంకాలము లాకుబొమ్మలు చేయించుచుంటిని. భిన్నములు రాని యొక బాలుఁడు కొలబద్ద లేకయే యాకును నాలుగు సమభాగములుగాఁ జీల్చెను. ఆ ముక్కలతోనే వానికి భిన్నములు చెప్పితిని.

నేఁడు బూర చుట్టి చూపఁగల తాతలు మా యూర వ్రేళ్లపై లెక్కింపఁ దగినవారు. పెద్దలారా, మనుమలకుఁ జూపునపుడు మొవ్వు జోలికిఁ బోనీయకుఁడు. తాటిచెట్టు పెరుగుదల యంతయు నందే కలదు. అది కోసినఁ జెట్టు చచ్చును. విచ్చిన క్రిందియాకునే కోయింపుఁడు. మట్ట యంచులు ఱంపపుఁ బండ్లవలె నుండును గనుక, ముందుగా వానిని గత్తితోఁ జెక్కివేసి, పిదపనే పిల్లల చేతి కాకు నీయుఁడు.